తుఫాను తాతగారి సన్మానం

ఆ రోజుల్లో విశాఖపట్నంలో నలుగురూ గౌరవించాలంటే పోర్టులోనో, కొత్తగా కడుతున్న ఉక్కు కర్మాగారంలోనో ఉద్యోగం ఉండాలి. నాకు రెండూ లేవు. రేడియోలో తాత్కాలిక అనౌన్సరుగా ఓ గొంతు మాత్రం ఉండేది. దాన్ని సవరించుకుంటూ మల్కాపురం వీధుల్లో ఎంత దర్జాగా తిరిగేవాణ్ణో! (టీ కొట్టువాడు కూడా గుర్తుపట్టేవాడు కాదు, అది వేరే సంగతి.) జనం గుర్తుపట్టే గొంతు ఒక్కటే, మా సీనియర్ అనౌన్సరు పెద్దాయనది. జాలర్లకిచ్చే వాతావరణ హెచ్చరికని ఆయన మొదట కాగితంలో ఉన్నట్టు చదివి, రెండోసారి వాళ్ళ మాటల్లో చెప్పేవారు. ఒడ్డున అందరికీ ఆయన తుఫాను తాతగారు. ఆయన రిటైరవగానే ఆ రెండోసారి చెప్పడం దండగని మా పెద్ద ఆఫీసరు కొట్టేశారు. కొట్టేసి, తాతగారికి సన్మానం పెట్టించారు.

సభ జాలర్ల పేటలో, సముద్రం పక్కనే. అధ్యక్షులు ఆఫీసరుగారు, ఆయన ప్రసంగం రాసింది నేను. "ప్రజల కోసం పలికే రేడియో ప్రజాస్వామ్యానికి ప్రాణవాయువు" అని ఆయన చదువుతుంటే కింద కూర్చుని నేను మురిసిపోతున్నాను. ఇంతలో మా ఇంటికి చేపలు తెచ్చే అప్ప ట్రాన్సిస్టరు చెవికి నొక్కుకుని లేచింది. పొద్దుట్నించీ సముద్రం తీరు బాగాలేదు. ఆవిడ కొడుకులిద్దరూ చీకటి పడేలోగా వేటకు బయల్దేరాలి.

"ఓ బాబూ, కాసేపు ఊరుకోండి! ఎచ్చరిక వస్తంది. నా కొడుకులు ఏటకెల్తన్నారు!"

ఆఫీసరుగారు అది మెచ్చుకోలనుకున్నారు. "చూశారా శ్రోతల అభిమానం!" అని గొంతు పెంచారు. మైకుసెట్టువాడు ఇంకాస్త పెంచాడు. రేడియో గొప్పదనం చెప్పే ధాటికి రేడియో వినపడకుండా పోయింది.

తాతగారు మెడలో దండతోనే లేచి మైకు లాక్కుని, అప్ప ట్రాన్సిస్టరు దానికి ఆనించారు. మా కొత్త అనౌన్సరమ్మ "వాయవ్య బంగాళాఖాతమున కేంద్రీకృతమైన అల్పపీడన ప్రభావమున..." అంటూ ఒక్కసారి గడగడా చదివేసి లలితగీతం పెట్టేసింది.

అప్ప తెల్లబోయింది. "ఏటన్నాది బాబూ? ఎల్లమన్నాదా, వద్దన్నాదా?"

"వద్దందమ్మా!" అన్నారు తాతగారు మైకులోనే. "గాలొస్తంది, పెద్ద గాలి. ఒక్కడూ ఏటకెల్లొద్దు. పడవలు పైకి లాగీయండి. మళ్ళీ సెప్తన్నాను, ఎల్లొద్దు!"

అంతే, కుర్చీలన్నీ ఖాళీ. తాతగారు కూడా శాలువా నడుముకు బిగించి పడవ తాడు పట్టుకున్నారు. మిగిలింది వేదిక మీద ఆఫీసరుగారు, కింద నేను.

"ఇంకా చాలా ఉందా ఏమయ్యా?"

"సగం ఉంది సార్."

"సరే, కానిచ్చేద్దాం."

కానిచ్చారు. నేను చప్పట్లు కూడా కొట్టాను. ఉద్యోగం పర్మనెంటు కావాలి కదా మరి!

గాలి చెప్పినట్టే వచ్చింది. అది తగ్గిన మర్నాడు అప్ప ఖాళీ గంపతో మా గుమ్మంలోకొచ్చి, చీరకొంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వింది.

"సేపల్లేవు బాబూ. కొడుకులున్నారు."

నా ప్రసంగం ఎలా ఉందని అడుగుదామని నోటిదాకా వచ్చింది. అడగలేదు. మాట్లాడ్డమే ఉద్యోగంగా పెట్టుకున్న ఆనాటి నాలోని కుర్రాడు ఆ ఒక్కసారైనా వేళకి నోరు మూసుకున్నాడు కదా అని, తలచుకున్నప్పుడల్లా వాడు నాకు ముద్దొస్తాడు.