కోళ్ళు వెంటపడిన వాకింగ్

రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక, వాడిన మందులకి నేను బాగా ఒళ్ళు చేశాను. బరువు తగ్గాలి, రోజూ నడవాలి అన్నారు డాక్టరుగారు. ఒకవైపు చదునైపోయిన ఛాతీతో మల్కాపురంలో మా కాలనీ గ్రౌండుకి ఎలా వెళ్ళను? ఉపాయం మా అత్తే చెప్పింది. మెత్తటి గుడ్డసంచి కుట్టి, బరువు సరిపోయేలా అందులో రాగులు నింపింది. మా వైపు చోళ్ళంటాం. అది లోపల పెట్టుకుని పైన చుడీదార్ వేసుకుంటే ఎవరికీ తేడా తెలియలేదు.

ఒక ఉదయం చేతులు పైకెత్తి ఊపుతూ నడుస్తున్నాను. లోపల కుట్టు విడిపోయి, దారి పొడవునా చోళ్ళు రాలుతున్నాయని నాకేం తెలుసు? వెనక ఏదో చప్పుడైతే తిరిగి చూశాను. నాలుగు పెట్టలు, ఒక పుంజు! హడలిపోయి పరుగందుకున్నాను. అవీ అందుకున్నాయి.

"ఏటమ్మా, కోళ్ళన్నీ నీ ఎనకాలే ఒత్తన్నాయి?" అని అరిచింది పక్కింటి నరసమ్మ. నడిచేవాళ్ళంతా ఆగి చూస్తున్నారు. కిందకి చూస్తే నా వెనక దారంతా చోళ్ళే! ఇక దాచలేక నరసమ్మకి ఉన్నదంతా చెప్పేశాను. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వు ఆగలేదు. నాకూ ఆగలేదు. జబ్బు పడ్డాక అంతలా నవ్వడం అదే మొదలు.

ఇంటికెళ్ళి చెబితే అత్త తాపీగా, "పోన్లేయే, డాక్టరు సెప్పినట్టు బరువు తగ్గినావు కదా! రేపు ఇసక పోసి కుట్టెత్తాను" అంది.

వద్దన్నాను. మర్నాడు ఏ సంచీ లేకుండానే వెళ్ళాను. మనుషులెవరూ నా ఛాతీ వైపు చూడనేలేదు. ఆశగా చూసినవి ఆ కోళ్ళే.