రామచంద్రయ్య చెవి పెట్టి చూసిన కార్లు

రామన్నపేటలో పాత కారు కొనాలని ఎవరికి బుద్ధి పుట్టినా, ఆ ముచ్చట ఇంట్లో పెళ్ళానికంటే ముందు రామచంద్రయ్యకు తెలిసేది. ఆయన మెకానిక్ కాదు, బేరగాడు అసలే కాదు. ఇరవై ఏడేళ్లు గుంట మగ్గంలో కూర్చుని చీరలు నేసి, నేత మీద బతుకు సాగక నల్లగొండలో ఒక డాక్టరు దగ్గర డ్రైవరుగా కుదిరిన మనిషి. ఆ డాక్టరుకు రోగుల మీద ఎంత శ్రద్ధ ఉండేదో నాకు తెలియదు గానీ కార్ల మీద మాత్రం పిచ్చి ఉండేది. రెండేళ్లు తిరక్కుండానే బండి మార్చేవాడు. అలా రెండువేల సంవత్సరం అటూ ఇటూ రోడ్డు మీదికొచ్చిన చిన్న కార్లన్నీ రామచంద్రయ్య చేతి మీదుగా నడిచాయి. పదహారేళ్ల తర్వాత డాక్టరు హైదరాబాదు వెళ్లిపోతే, ఈయన ఇంటికొచ్చి కూర్చున్నాడు. ఊరికే కూర్చోలేదు. ఊళ్లో కార్ల పెద్దమనిషి అయ్యాడు.

హోటల్లో చాయ్ తాగుతూ ఎవరైనా "ఏది మంచిదే రామచంద్రన్నా?" అంటే చాలు, ఆయన గ్లాసు పక్కన పెట్టేవాడు.

"మారుతి ఎనిమిదొందలంటే తువ్వాల. ఎవ్వడన్న కొంటడు, ఎక్కడన్న ఉతుకుతరు. జెన్నంటే పట్టుచీర మడత. జూస్తే చిన్నగుంటది, ఇప్పితే తెలుస్తది దాని సంగతి. సాంట్రో లుంగీ అనుకో. అంత వదులే. తల తాకది, మోకాళ్లు తాకయి, ముసలోళ్లు నడుం వంచకుంట ఎక్కుతరు. ఇండికా దుప్పటి. ఇంటిల్లిపాది పడ్తరు. బరువుంటది, జర సప్పుడుంటది, గని చలికి ఇడిచిపెట్టది."

"మరి మాటిజ్?"

"అది సంటిపిల్ల జుబ్బ. ముద్దుగుంటది. కుట్టినోడు, గదే దాని కంపెనీ, ఊరిడిచి పోయిండు, చినిగితే అతుకెవడేస్తడు?"

విన్నవాళ్లు నవ్వేవాళ్లు. వందసార్లు విన్నవాళ్లు కూడా నవ్వేవాళ్లు. ఆయన మాత్రం నవ్వేవాడు కాదు, ఎందుకంటే ఆయన హాస్యం చెప్పడం లేదు. నేతవాడు తనకు తెలిసిన కొలతతో కొలుస్తున్నాడు, అంతే.

బండి చూడటానికి తీసుకెళ్తే ఒక పద్ధతి ఉండేది. బానెట్ లేపించి, ఇంజిను స్టార్టు చేయించి, ఎడమ చెయ్యి అంచు మీద ఆనించి కళ్లు మూసుకునేవాడు. చుట్టూ ఉన్నవాళ్లు మాట్లాడకూడదు, ఫోను మోగకూడదు. రెండు నిమిషాలైనాక కళ్లు తెరిచి "తీస్కో" అనో "ఇడిచిపెట్టు" అనో ఒకే మాట అనేవాడు. దానికి ఆయన పుచ్చుకునేది ఒక చాయ్, వచ్చేటప్పుడు ముందు సీటు. ఇంకేమైనా ఇవ్వబోతే కోపం వచ్చేది.

ఇదంతా బాగానే ఉండేది, చెవులు బాగున్నన్నాళ్లు. తెలంగాణ వచ్చిన ఏడు, ఒక పొద్దున వాకిట్లో కూర్చుని "పక్కింటోళ్లు మగ్గం ఆపిన్రా ఏంది?" అని భార్య ఆండాళును అడిగాడు. ఆమె వింతగా చూసింది. పక్కింట్లో మగ్గం ఆడుతూనే ఉంది. ఆ వారమే ఎవరికీ చెప్పకుండా నల్లగొండ వెళ్లి దవాఖానలో చూపించుకున్నాడు. వయసుతో వచ్చిందే, వినికిడి ఇంకా తగ్గుతుంది, మిషను పెట్టుకొమ్మన్నారు. ఆయన పెట్టుకోలేదు.

"చెవుల మిషను వెట్టుకున్నోడు ఇంజిను సప్పుడు జెప్తే ఎవడు నమ్మాలె?" అన్నాడు ఆండాళుతో. "ఎవ్వలకు చెప్పకు."

ఆమె చెప్పలేదు. అప్పటి నుంచి రెండేళ్లుగా ఆయన బానెట్ మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంటూనే ఉన్నాడు. వినబడేది మాత్రం దూరంగా వాన కురుస్తున్నట్టు ఒక హోరు. పొగ రంగు, ఆయిలు చిక్కదనం, టైర్ల అరుగుదల చూసి ఏదో చెప్పేవాడు. అబద్ధాలాడే మనిషి కాదు రామచంద్రయ్య. కానీ నిజం చెబితే తనను పిలిచేవాడు ఉండడు. పిలవకపోతే తను ఏమిటి? మగ్గం పోయింది, స్టీరింగు పోయింది, మిగిలింది ఈ ఒక్క మాటే. అది కూడా పోతే పొద్దున లేచి ఏం చేయాలో ఆయనకు తెలియదు. ఆ భయం నాకు తప్పుగా తోచదు. మనలో చాలామందిది అదే భయం, పైకి చెప్పం అంతే.

రెండువేల పదహారు వానాకాలంలో ఉష కారు కొంటానంది. ఉష వెనక వీధి నేతవాళ్ల పిల్ల. చిన్నప్పుడు బడి నుంచి రాగానే చరఖా ముందు కూర్చుని మగ్గానికి కండెలు చుట్టేది. ఇప్పుడు నర్సు. డ్యూటీ చేసే ఊరికి రోజుకు రెండే బస్సులు. ఎవరికో కాన్పు నొప్పులొస్తున్నాయని ఫోను వస్తే బస్సు కోసం రోడ్డు మీద నిలబడి ఏడ్చిన రోజులున్నాయి. డ్రైవింగు స్కూల్లో పదిహేను రోజులు నేర్చుకుంది. భర్త దయాకర్ చౌటుప్పల్ దగ్గర కంపెనీలో చేస్తాడు, మెతక మనిషి. ఇద్దరూ కలిసి వచ్చారు. "మామా, చిట్యాల కాడ మూడు బండ్లున్నయి, జర వచ్చి చూడుర్రి" అన్నాడు దయాకర్.

హైవే పక్కన రేకుల షెడ్డు. ముందు వరసగా మూడు కార్లు: ఇండికా, సాంట్రో, జెన్. మూడూ రెండువేల మూడు, నాలుగు నాటివే. రామచంద్రయ్య ఇండికా డోరు కూడా తెరవలేదు.

"బిడ్డా, నువ్వొక్కదానివి తిరగాలె. ఇది సంసారం బండి. క్లచ్ తొక్కి తొక్కి నీ మోకాలు పోతది. జెన్ను మంచిదే, గని కిందికుంటది, నేలల కూసున్నట్టే. కొత్తగ నేర్చినోళ్లకు రోడ్డు కనవడాలె. సాంట్రో ఎత్తుంటది, చీర మీద ఎక్కచ్చు, దిగచ్చు. నీకు సాంట్రోనే."

మాట అయిపోయింది. ఇక చెవి తంతు మిగిలింది. షెడ్డు యజమాని సాంట్రో స్టార్టు చేశాడు. రామచంద్రయ్య చెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. అదే హోరు. రెండు నిమిషాలు లెక్కపెట్టుకుని కళ్లు తెరిచి "తీస్కోర్రి" అన్నాడు.

ఉష కదల్లేదు. ముందుకు వంగి ఏదో అంది. ఆయనకు అందలేదు. ఆమె మళ్లీ గట్టిగా అడిగింది.

"పెదనాయినా, గా కటకట ఏంది?"

"ఏ కటకట?" అంటే దొరికిపోతాడు. "అది గట్లనే ఉంటది బిడ్డా, పాత బండి గదా" అంటే చాలు, అయిపోతుంది. ఆ మాట నాలుక దాకా వచ్చింది కూడా. కానీ ఎదురుగా ఉష నిలబడి ఉంది. రేపు ఏ చీకటి పొద్దునో కందిచేల నడుమ బండి ఆగితే, ఇటు ఈమె ఒక్కతే, అటు నొప్పులు పడుతున్న మరో ఆడమనిషి. రామచంద్రయ్య బానెట్ మీది నుంచి చెయ్యి తీసేశాడు.

"బిడ్డా, నాకు వినవడ్తలేదు. రెండేండ్ల సంది వినవడ్తలేదు. నా మాట పట్టుకోని కొనకుర్రి."

షెడ్డు యజమాని దిక్కులు చూశాడు. దయాకర్ ఆయన భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గరికి వచ్చి, ఓదార్చాలనే అన్నాడు.

"మామా, ఫికర్ చెయ్యకు. మాకు ఎరుకే. నిన్ననే మూడు బండ్లు మెకానిక్కుకు చూపెట్టినం. మంచిగున్నయన్నడు."

రామచంద్రయ్య వెంటనే అర్థం చేసుకోలేకపోయాడు. "ముందే చూపెట్టిన్రా? మరి నన్నెందుకు తెచ్చిన్రు?"

"నువ్వొక మాట అనకుంటే బాగుండదని..."

"పోయినేడు లింగస్వామికి నేనే ఇండికా ఇప్పిస్తి గదా, అప్పుడు?"

దయాకర్ తల దించుకున్నాడు. "అందరు గట్లనే మామా. ముందుగాల మెకానిక్కు. ఎనుక నువ్వు."

అంతమంది మర్యాదస్తులు, ఎంత మంచివాళ్లో చూడండి. రెండేళ్లుగా ఒక ముసలాయన కళ్లు మూసుకుని నిలబడితే, చుట్టూ చేతులు కట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే ఆయనకు అంత నొప్పి ఉండేది కాదేమో. పెళ్లిలో పెద్దమనిషి చేత తాంబూలం ఇప్పించినట్టు, ఆయన చేత ఒక "తీస్కో" ఇప్పించుకుని వెళ్లారు.

ఆయన రోడ్డు వైపు నడవబోయాడు. ఉష అడ్డం వచ్చింది. ఆమెకు ఈ మర్యాదలన్నీ తర్వాత.

"మెకానిక్కు ఏమన్న అననీ. నాకైతే వినవడ్తాంది. నాడెల కండె సరిగ్గ కూసోకపోతే లోపల కొట్టుకుంటది సూడు, గట్ల."

రామచంద్రయ్య ఆగిపోయాడు. మగ్గం మీద పోగును అటూ ఇటూ మోసే నాడెను విసిరిన ప్రతిసారీ లోపల వదులుగా ఉన్న నూలు కండె కొట్టుకునే చప్పుడు ఆయనకు ఏ చెవీ అక్కర్లేకుండా తెలుసు. బిగువుగా కూర్చోవలసింది కూర్చోలేదు. ఏదో అరిగింది.

"నువ్వు స్టీరింగు కాడ కూసో. గేర్ల వెయ్యకు. క్లచ్ తొక్కు" అన్నాడు. "ఇప్పుడు?"

ఆమె కిటికీలోంచి గట్టిగా చెప్పింది. "బందయింది!"

"ఇడువు."

"మల్ల వస్తాంది. గదే."

"గేరుబాక్సుల బేరింగు పోయింది" అన్నాడు. "ఎవడో గేరుబాక్సు ఆయిలు మార్చకుంట నడిపిండు. కంపెనీ తప్పు గాదు, నడిపినోని తప్పు." షెడ్డు యజమాని తాళంచెవి తీసుకుని జెన్ దగ్గరికి నడిచాడు. జెన్ను కూడా అలాగే చూశారు. ఆమె విని చెప్పింది, ఆయన అడిగాడు, మళ్లీ చెప్పింది. ఈసారి చప్పుడు నడుమ ఏమీ కొట్టుకోలేదు.

"నేను సాంట్రో అన్న. అది మోడలు సంగతి. కొనేది మోడలు గాదు బిడ్డా, బండి. జెన్ను తీస్కో. సీటు కింద దిండేస్కో."

జెన్ కొని అందులోనే తిరిగి వచ్చేటప్పుడు ముందు సీటు చూపిస్తే వద్దని వెనక కూర్చున్నాడు. ఇంటి ముందు దింపుతూ ఉష అంది. "రేపటి సంది నాకు బండి నువ్వే నేర్పాలె పెదనాయినా. స్కూలోళ్లు మైదానంల తిప్పిన్రు, గంతే." ఆయన డోరు తీసుకుని దిగాడు. ఉష అదే మాట గడపలో ఉన్న ఆండాళుకు కూడా చెప్పి వెళ్లింది.

లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాడు. ఆండాళు నీళ్లు ఇస్తే తాగలేదు.

"అందరు మెకానిక్కుకు చూపెట్టినంకనే నన్ను తీస్కపోతున్నరంట. నీకెరుకనా?"

ఆమె పక్కనే కూర్చుంది. "ఎరుకే."

"ఎరుకే! మరి నాకెందుకు జెప్పలే? ఊరంత ఆటాడిన్రు నాతోని. నువ్వు గూడ సూస్కుంట కూసున్నవ్!" ఇంత గట్టిగా ఆమె మీద ఆయన ఎప్పుడూ అరవలేదు.

ఆండాళు తొణకలేదు. ఆయనకు కాస్త ఎక్కువ వినబడే చెవి వైపుకు జరిగి, నింపాదిగా చెప్పింది.

"కారు జూడనీకి పోయే దినం నువ్వు గడ్డం గీస్కుంటవు. ఇస్త్రీ అంగి తొడుగుతవు. రెండు రొట్టెలు ఎక్కువ తింటవు. తతిమ్మ దినాలు మంచంల కెళ్లి లేవవు. నేనెట్ల చెప్తనయ్యా?"

రామచంద్రయ్య ఏడ్చాడు. కొంగుతో ఆమె ఆయన మొహం తుడవబోతే, వద్దని చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయింది. కాసేపాగి అక్కడి నుంచే గట్టిగా అడిగింది.

"రేపు పొద్దుగాల ఉష వస్తదంట. గడ్డం గీస్కుంటందుకు నీళ్లు కాగవెట్టాల్నా, వద్దా?"

వినబడలేదేమో అనుకుని ఆమె మళ్లీ అడగబోయింది.

"పెట్టు" అన్నాడాయన.