తడికకు అవతలే ఉండిపోయిన అవ్వ కథలు

మా చిన్నప్పుడు... దీపం పెట్టి అన్నాలు తినగానే తాటాకు తడికకు అవతల నుంచి కథ మొదలయ్యేది. మాకు చెప్పే కథ కాదది. అవతలి వాళ్ళది.

జువ్వలదిన్నె పక్కన మా పల్లె. మా నాన్న, పెదనాన్న వేరుపడినప్పుడు ఉన్న ఒక్క ఇంటికీ నడిమధ్యన తడిక కట్టుకున్నారు. బర్రె వాళ్ళకు, రోలు మాకు, అవ్వ వాళ్ళకు. అవును... మనిషిని కూడా పంచారు! అవ్వకు కూడు పెట్టేది పెదనాన్న కాబట్టి అవ్వ కథలు ఆయన కొడుకు రమణయ్యకే. వాడిదీ నాదీ ఒకే ఈడు.

మా అమ్మ ఉప్పుమళ్ళలో పనిచేసి వచ్చి, నాకంటే ముందే నిద్రపోయేది. ఇంక కథలెక్కడివి!

అవ్వ కథకు ఒక పద్ధతి ఉంది. వినేవాడు ‘ఊఁ’ కొట్టాలి. ఊఁ ఆగిందంటే బిడ్డ నిద్రపోయినట్టే... కథ అక్కడే ఆపేసేది. రమణయ్య రోజూ ఎండ్రకాయ పెళ్ళికి పోయే నక్క కథే అడిగేవాడు. నక్క పడవెక్కేది, పడవ ఏటి మధ్యకు చేరేది... వాడి ఊఁ ఆగేది. మొద్దు వెధవ! అవ్వ కొంగు కప్పుకుని వాడు గురక. ఇవతల నేను చాప మీద కళ్ళు తెరుచుకుని కుళ్ళి చచ్చేవాణ్ణి.

ఒకరోజు ఉండబట్టలేక, వాడి ఊఁ ఆగగానే తడికకు నోరు ఆనించి నేనే ‘ఊఁ’ అన్నాను.

అవ్వ నా గొంతు పోల్చుకుంది... తడిక వైపుకు జరిగిన అలికిడి వినిపించింది.

“అప్పుడేమయినాదంటే నాయనా... పడవకి చిల్లు పడినాది.”

“ఊఁ.”

“నక్క తన తోకని ఆ చిల్లులో దూర్చినాది.”

“ఊఁ.”

పెద్దమ్మ లేచింది. “పిల్లోడు ఎప్పుడో నిద్రపోతే ఎవరికత్తా చెప్తా ఉండావు? కూడు మేం పెట్టాల, కథలు ఆ పక్కకా?”

మా అమ్మకు మెలకువ వచ్చింది. “నోటి మాటక్కూడా వంతులేందక్కా?”

“అంత ముచ్చటగా ఉంటే తీసకపొయ్యి నువ్వే సాక్కో మే!”

అమ్మ అటు తిరిగి పడుకుంది. మా కుండలో ఏముందో ఆమెకు తెలుసు.

మర్నాడు అవ్వ చాప అవతలి గోడ దగ్గరకు మారింది. ఆ తరవాత ఎంత చెవి ఆనించినా గొణుగుడే... మాట తెలిసేది కాదు.

మొన్న అవ్వ పోతే, పెద్దదినానికి నేను పనిచేసే మిల్లులో సెలవడిగి ఊరికి వెళ్ళాను. ఆ నక్క చివరికి పెళ్ళికి చేరిందా అని రమణయ్యను అడిగాను.

“ఏ నక్కరా? నేను యాడ విన్నాను... పడుకుంటానే నిద్రపోయేవోణ్ణి గదా!” అని నవ్వాడు.

చెంప పగలగొడదామనిపించింది. అవ్వ మొత్తం వాడికే దక్కింది, ఒక్క ముక్క గుర్తుంచుకోలేదు! అయినా నా కుళ్ళు తగ్గలేదు. అంత హాయిగా వాడికి నిద్ర ఎట్లా పట్టేది? నాకు ఈనాటికీ అట్లా పట్టదు.

ఇప్పుడు నేనుండే మిల్లు కూలీల ఇళ్ళ లైనులో పిల్లలు ఎదురుగా ఉన్న కాఫీ హోటల్ రేడియో వింటూ పడుకుంటున్నారు. అది అందరి గోడలూ దాటి వస్తుంది, వంతుల గొడవ లేదు. కానీ ఏ బిడ్డ నిద్రపోయిందో, ఏ బిడ్డ మేలుకుని ఉందో దానికేం పట్టింది...

మిమ్మల్ని కథ చెప్పి నిద్రపుచ్చినవాళ్ళు ఎవరు? రాయండి... కుళ్ళుకుంటూనే చదువుతాను.