తేట నీళ్ళ సీసా

మా మామగారు ఇరవై ఏడేళ్ళు ఒక మట్టికట్టకు కాపలా కాశారు. కట్టంటే ఏదో పెద్ద ఆనకట్ట అనుకునేరు! మా ఇంటి వెనక పార్కులో, చిన్న చెరువుకు అడ్డంగా, రెండు నిలువుల ఎత్తున పోసిన మట్టి అది. పైన నడిచేవాళ్ళ దారి, వాలు మీద గడ్డి, ఒక చివర ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే అలుగు, మధ్యలో నీళ్ళు వదిలే తూము. అంతే. కానీ ఆ మట్టికి దిగువన మా వీధి ఉంది. మా వీధికి దిగువన ఇంకో పది వీధులు, ఒక బడి ఉన్నాయి. కట్ట మీద షికారు చేసేవాళ్ళలో ఈ సంగతి ఎంతమందికి పట్టిందో నాకు తెలీదు. నాకైతే కోడలిగా వచ్చిన మొదటి వారంలోనే పాఠం అయిపోయింది. ఆయన ఇంకో మాట మాట్లాడితే కదా!

పార్కుకొచ్చేవాళ్ళకీ ఆయనకీ రెండు తగాదాలు. ఒకటి మొక్కల గురించి. కట్ట మీద ఎవరైనా మొక్క నాటితే మర్నాటికల్లా పీకేసేవారు. వాళ్ళు ఆయనకి 'మొక్కల యముడు' అని పేరు పెట్టారు. "చెట్టు పెరిగితే వేరు లోపలికి దిగుతుంది. అది చచ్చాక వేరు కుళ్ళి సందవుతుంది. నీళ్ళకి ఆ సందు చాలు," అని ఒక్కొక్కరినీ నిలబెట్టి చెప్పేవారు. రెండోది, చెరువు ఎప్పుడూ సగమే నిండి ఉంటుందని. "వాన నీళ్ళొచ్చి కూర్చోడానికి చోటుండాలా వద్దా? ఆ ఖాళీ కోసమే కట్ట కట్టింది. బాతుల కోసం కాదు," అనేవారు. మా పెళ్ళికి ముందు మా ఆయన, "నాన్న నీళ్ళ పనిలో పెద్ద బాధ్యతలో ఉన్నారు," అని గొప్పలు పోయాడు. వచ్చి చూస్తే ఆ పెద్ద బాధ్యత చేతిలో గడ్డి కోసే కొడవలి ఉంది.

నాకూ ఆయనకీ తగాదా మాత్రం సీసా దగ్గర. మట్టికట్ట ఎంత గట్టిదైనా అడుగున కాస్త నీరు ఊరుతూనే ఉంటుంది. ఆ ఊట ఒక గొట్టంలోంచి బయటికొస్తుంది. రోజూ పొద్దున్నే మామయ్య దాని కింద ఒక గాజు సీసా పట్టి, ఇంటికి తెచ్చి, వంటింటి కిటికీలో వెలుతురుకి పెట్టేవారు. ఊట తేటగా ఉంటే కట్ట క్షేమం. మట్టి కలిసి వస్తే, లోపల ఎక్కడో నీళ్ళు కట్టను తినేస్తున్నాయని అర్థం. నీళ్ళు చూడటం అయ్యాక పార్కు ఆఫీసుకి వెళ్ళి పుస్తకంలో 'తేట' అని రాసి సంతకం పెట్టేవారు. నేను వచ్చాక, ఇప్పుడు చెప్పబోయే గురువారం దాకా, ఇంకో మాట రాయాల్సిన అవసరం పడలేదు.

సీసా కడగడం నా వంతు. అదే ఒక విసుగనుకుంటే, ఏడాదిగా రోజూ ఒక ప్రశ్న కూడా తోడైంది.

"ఏమ్మా, సీసా సరిగా కడిగావా? అడుగున ఏదో ఉన్నట్టుందే?"

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. కుట్టుమిషను వదిలి లేచి, సీసా లాక్కుని, వెలుతురుకెత్తి అటూ ఇటూ తిప్పేదాన్ని. "ఏముంది మామయ్యా ఇందులో? అద్దంలా ఉంది! మీకన్నీ వంకలే!" ఆయనకి చీమ కుట్టినట్టయినా ఉండేది కాదు. "సరేలే," అని చెప్పులేసుకుని ఆఫీసుకి వెళ్ళిపోయేవారు. నా పనికి వంక పెట్టందే ఆయనకి తెల్లవారదని మా అమ్మకి ఫోన్లో చెప్పుకుని ఏడ్చాను కూడా.

ఆ ఏడు పార్కుకి కొత్త సూపరింటెండెంటు వచ్చాడు. కుర్రాడు, హుషారైనవాడు. చెరువులో పడవలు తిప్పుతానన్నాడు. తొలి జల్లులకే తూము మూయించి, చెరువు నిండుగా పట్టించాడు. మామయ్య వద్దని మొత్తుకున్నారు. "నెల్లాళ్ళే కదా పెద్దాయనా," అని అతను చెవిన పెట్టలేదు. ఆదివారం పడవల ప్రారంభం.

దానికి మూడు రోజుల ముందు, గురువారం. మధ్యాహ్నానికల్లా బడికి నలభై యూనిఫాంలు అందించాలి నేను. మిషనులో దారం చిక్కుపడింది. మామయ్య సీసా పట్టుకుని వచ్చి ఎప్పటిలాగే అడిగారు.

"అద్దంలా ఉంది, వెళ్ళండి మామయ్యా," అన్నాను తలెత్తకుండా.

ఆయన కదల్లేదు. "చూశావా?"

"చూశానండీ బాబూ!"

అబద్ధం. ఆయన సీసా కిటికీలో పెట్టి వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం మంచినీళ్ళకి వంటింట్లోకి వెళ్ళాను. కిటికీలో సీసా ఉంది. పైన నీళ్ళు తేటగానే ఉన్నాయి గానీ, అడుగున గోరు మందాన ఎర్రగా మట్టి పేరుకుని ఉంది. కదిపితే పొగలా లేచింది. సీసా ముందురోజు నేనే, బ్రష్షు పెట్టి మరీ, కడిగాను. మెడలో టేపు మెడలోనే ఉండగా, సీసా పట్టుకుని పరిగెత్తాను.

మామయ్య కట్ట మీద గడ్డి కోస్తున్నారు. "మామయ్యా, మట్టి! పొద్దున మీ చేతిలోనే ఉంది కదా, మీరైనా చూడలేదా?" అని అరిచాను.

ఆయన సీసాను ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టుకున్నారు. గాజును వేళ్ళతో తడిమారు.

"కనబడితే కదమ్మా చూసేది," అన్నారు.

రెండు కళ్ళలోనూ పొర. ఏడాదిగా ముదురుతోందట. "ఇంకో ఏడాది ఉంది నా పని. చెప్తే కట్ట దగ్గరికి రానివ్వరు. చూసేదానివి నువ్వున్నావు కదా అనుకున్నా. నీకు కోపమొస్తే బాగా చూస్తావు."

నాకు తల కొట్టేసినట్టయింది. ఏడాదిపాటు నేను పోట్లాట అనుకున్నది కట్ట కాపలా అన్నమాట! "ఇవాళ చూడకుండా చెప్పాను మామయ్యా," అన్నాను. తిడతారనుకున్నాను. "ముందు ఆఫీసుకి పద," అన్నారు.

సూపరింటెండెంటు బల్ల మీద పడవల రంగుల కాగితాలు పరుచుకుని ఉన్నాడు. సీసా చూశాడు, పుస్తకం తెరిచాడు. "పొద్దున 'తేట' అని రాశారు. ఇప్పుడు మట్టి అంటున్నారు. ఏది నమ్మాలి పెద్దాయనా? వంటింట్లో ఇందులో ఏం పడిందో ఏమో!"

"తప్పు నాదండీ," అంటూ నేను నోరు తెరిచాను. మామయ్య చెయ్యి అడ్డుపెట్టారు.

"చూడకుండా రాశాను సార్. నాకు కళ్ళు కనబడవు. ఏడాదిగా ఆ నీళ్ళు చూస్తున్నది మా కోడలు. తర్వాత నన్ను తీసేద్దురు గాని. ముందు మీరొచ్చి, మీ కళ్ళతో చూడండి."

ఇరవై ఆరేళ్ళ ఉద్యోగాన్ని తీసి బల్ల మీద పెట్టేశారు మనిషి. ఆయన ఇంటి కోడలినైనందుకు ఆ క్షణంలో నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. చెప్పుకోడానికి సిగ్గేమిటి?

ముగ్గురం గొట్టం దగ్గరికి వెళ్ళాం. సీసా కడిగి మళ్ళీ పట్టాం. ఈసారి ఎవరూ వెలుతురుకి ఎత్తాల్సిన పని లేకపోయింది. సూపరింటెండెంటు మొహం పాలిపోయింది. "తూము మొత్తం ఎత్తించేస్తాను," అన్నాడు.

"వద్దు సార్. నీళ్ళు ఒక్కసారిగా దిగితే లోపలి వాలు జారిపోతుంది. తడిసిన మట్టి కదా. తూము చక్రం నాలుగు చుట్లు తిప్పుదాం. మెల్లిగా పోనివ్వండి," అన్నారు మామయ్య.

నీళ్ళు దిగడానికి మూడు రోజులు పట్టింది. ఆదివారం పడవలు ఒడ్డునే బోర్లా పడి ఉన్నాయి. లోపలి వాలులో గడ్డి కింద ఏదో జంతువు తవ్విన బొరియ బయటపడింది. నా పిడికిలి దూరేంత ఉంది. చెరువు సగానికి ఉన్నన్నాళ్ళూ నీళ్ళకి అందని ఎత్తులో ఉంది, నింపగానే అందింది. దాన్ని చివరంటా తవ్వి, బంకమట్టి పొరలు పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టారు. మామయ్య మడమతో తొక్కి చూసి, రెండుసార్లు మళ్ళీ తవ్వించారు. కూలివాళ్ళు గొణుక్కున్నారు గానీ, ఆయన మడమ చెప్పినచోటల్లా మట్టి గుల్లగానే ఉంది.

పదో రోజున వాన పట్టుకుంది. రెండు రోజులు తెరిపి లేదు. చెరువు అలుగుకి మూరెడు కిందికి వచ్చి ఆగింది. మా వీధిలో జనం చెప్పులు తడిశాయి, బడి మామూలుగా నడిచింది. పేపరులో రాయడానికి ఏమీ జరగలేదు. మా మామగారి ఉద్యోగమంతా అదే, ఏమీ జరగకుండా చూడటం.

వాన వెలిసిన పొద్దున ఆయన తడి బట్టలతో వచ్చి, సీసా నా మిషను పక్కన పెట్టి, పీట వాల్చుకుని కూర్చున్నారు. కడిగావా అని అడగలేదు. నేను మిషను ఆపి, చేతులు తుడుచుకుని, సీసాను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. తిప్పి చూశాను. కాసేపు తేరనిచ్చి మళ్ళీ చూశాను.

"తేట, మామయ్యా," అన్నాను.

"పద మరి, ఆఫీసుకి," అన్నారు.

కళ్ళ ఆపరేషను అయ్యేదాకా ఆయనకి సెలవు ఇచ్చాడు సూపరింటెండెంటు, తీసెయ్యలేదు. సెలవైనా సీసా పట్టడం మాత్రం ఆయన మానలేదు. పుస్తకం తెరిస్తే, ఆ గురువారం నాటి 'తేట' మీద ఒక గీత కొట్టి ఉంది. పక్కన వంకరటింకర అక్షరాలతో 'చూడలేదు' అని మామయ్య రాత. నా ఎదుటే ఆయన కొత్త పేజీలో ముక్కు ఆనించి రాశారు: 'తేట. చూసింది మా కోడలు.' కింద సంతకం చోటు వదిలి, కలం నా చేతికిచ్చారు.

ఇంట్లో గుట్టెడు కుట్టుపని ఉంది. అయినా కుర్చీ లాక్కుని కూర్చుని, తొందర లేకుండా సంతకం పెట్టాను.