అద్దం వైపు తిరిగిన ముక్కు

మా అమ్మ పిండి జల్లెడతో బండి బానెట్ మీద గులాల్ జల్లించింది నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా తీసి చదువుతారేమోనని ఆ రోజు డైరీలో కూడా "ఎండ బాగా ఉంది" అని మాత్రమే రాసుకున్నాను.

అప్పుడు మేము జనగామలో ఉన్నాం. తెలంగాణ కోసం సమ్మె నడుస్తోంది. బస్సులు డిపో దాటడం లేదు. బాపుకు ఒక పాత డీజిల్ బండి ఉండేది. అందులో పది మంది పడతారని కాగితాల్లో ఉండేది. బాపు పద్నాలుగు మందిని ఎక్కించేవాడు. మహబూబాబాద్, భూపాలపల్లి, ఎటు జనం ఉంటే అటు పోయేవాడు.

పొద్దుటి చల్లదనంలో బండి బాగానే పరిగెత్తేది. ఎండ ముదిరి, మనుషులు నిండితే మాత్రం గుంజేది కాదు. నల్లటి పొగ వదులుతూ మూలిగేది. ఒకసారి భూపాలపల్లి పోయే దారిలో విసుగెత్తి అందరూ దిగి, వెనక వచ్చిన ఇంకో బండి ఎక్కారు. బాపు ఒక్కడే ఖాళీ బండితో తిరిగొచ్చాడు.

ఆ రోజు అన్నం ముందు కూర్చుని, "బండిని నర్మెట్ట ఊరాయన కొంటనంటున్నడు. శుక్రవారం దాక చూస్త. గుంజకపోతే ఇచ్చేస్త" అన్నాడు. బండి పోతే బాపు మళ్ళీ ఎవరి లారీ మీదికో డ్రైవరుగా పోవాలి. అంతకుముందు ఏళ్ళ తరబడి అలాగే పోయాడు. ఇంటికి వచ్చినప్పుడు నేను తలుపు వెనక నుంచి చూసేదాన్నట, ఎవరో అనుకుని. అమ్మ చేతిలోని గరిటె గిన్నెలోనే ఆగిపోయింది.

ఆ బండి బానెట్ మీద ఒక ముక్కు ఉండేది. అంతకుముందటి యజమాని సోకు కోసం అతికించిన ప్లాస్టిక్ ముక్కు. ముందుకు నోరు తెరుచుకుని, ఎదురుగాలినంతా మింగుతున్నట్టు కనిపించేది. లోపలికి వేలు పెడితే బానెట్ రేకే తగిలేది.

హైదరాబాద్ రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్న ముసలి మెకానిక్ దగ్గరికి బాపు బండిని తీసుకెళ్ళాడు. ఊరంతా ఆయనను ఉస్తాద్ అనేది. నేను చాచా అనుకునేదాన్ని, ఎక్కువగా మనసులోనే. బాపుకు అన్నం టిఫిన్ తీసుకుపోయే వంకతో నేనూ రోజూ షెడ్డుకు వెళ్ళి, పాత టైరు మీద పుస్తకం తెరుచుకుని కూర్చునేదాన్ని. పేజీలు తిరిగేవి కావు.

చాచా ఇంజన్ ఆన్ చేయించి, పొడుగాటి స్క్రూడ్రైవర్ ఒక కొసను దానికి, ఇంకో కొసను చెవికి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపటికి తెరిచాడు.

"ఇంజనుకు బీమారి లేదు తమ్మీ. ఊపిరాడుతలేదు. లోపటి వేడి హవానే మల్ల పీలుస్తున్నది. దుప్పటి కప్పుకొని ఉరికినట్టు."

"మరి ఎట్ల ఉస్తాద్?"

ఆయన ప్లాస్టిక్ ముక్కు మీద గోటితో కొట్టాడు. "గిది ఉత్త ముక్కే గదా. గిదాన్ని అసలుది చేద్దాం."

ఎదురుగా చాయ్ బండి ఆయన అందుకున్నాడు. "ఏం ఉస్తాద్, ముక్కు కుట్టి పోగు వెడ్తవా?"

"పోగు నువ్వు తే, నేను కుడ్త."

బానెట్ కోస్తుంటే బాపు చూడలేక రోడ్డు వైపు తిరిగి నిలబడ్డాడు. నేను మాత్రం కళ్ళు తిప్పుకోలేదు. చాచా ముందు పాత పేపరు మీద కొలత గీసి కత్తిరించాడు. అది బానెట్ మీద పరిచి, నాలుగుసార్లు జరిపి, అప్పుడు గీత పెట్టాడు. నిప్పురవ్వలు పడకుండా అద్దం మీద తడి గోనెసంచి కప్పాడు. కోసిన అంచును ఆకురాయితో రుద్ది, దాని మీద బొటనవేలు తిప్పి చూసుకున్నాడు. తర్వాత రేకుతో ఒక గొట్టం వంచి, బానెట్ కంత నుంచి ఎయిర్ ఫిల్టర్ నోటి దాకా బిగించాడు. వాన నీళ్ళు పోవడానికి అడుగున చిన్న రంధ్రం కూడా పెట్టాడు. అంత శ్రద్ధగా ఎవరైనా పనిచేయడం నేను అప్పటిదాకా చూడలేదు.

అయినా బండి గుంజలేదు. మధ్యాహ్నం దేవరుప్పుల దాకా పోయి వచ్చారు. అదే పొగ, అదే మూలుగు.

బాపు ఏమీ అడగకముందే చాచా, "నాదే గల్తీ తమ్మీ. ముక్కు తెరిచిన గని హవా వస్తలేదు. ఎందుకో సమజ్ అయితలేదు" అన్నాడు. చాయ్ బండి దగ్గర నలుగురు వింటుండగానే అన్నాడు. బండి పాతదనో, డీజిల్ మంచిది కాదనో అనలేదు.

గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన ఒక సైన్సు పుస్తకం ఉండేది. గాలి కంటికి కనబడదు కాబట్టి దాని దారిలో పొడి చల్లి చూస్తారని అందులో చదివాను. ఆ సంగతి చాచాకు చెప్పాలని షెడ్డు దాకా వెళ్ళాను. ఆయన జుట్టంతా ఆ పనిలోనే నెరిసింది. నేను పుస్తకంలో చదివానని నోరు తెరవడానికి ధైర్యం చాలలేదు. టిఫిన్ ఖాళీ గిన్నె తీసుకుని తిరిగొచ్చాను.

బుధవారం పొద్దున చౌరస్తాలో ర్యాలీ జరిగింది. మా బండీ అందులో నడిచింది. మధ్యాహ్నం బాపు తిని నడుం వాల్చినప్పుడు నేను వాకిట్లోకి పోయి, పొడి అంటుకునేలా నాలుగు చుక్కల నూనె వేసిన గుడ్డతో బానెట్ తుడిచాను. ర్యాలీలో చల్లుకోగా మిగిలిన గులాబీ రంగు గులాల్ పొట్లం విప్పి, జల్లెడతో సన్నగా, సమంగా పట్టించాను. తుడిచేస్తారన్న భయం లేదు. ఆ రోజుల్లో బండి మీది గులాల్ ఎవరూ తుడిచేవారు కాదు. రాస్తారోకోల దగ్గర దాన్ని చూసే దారి ఇచ్చేవారు.

మూడు గంటలకు జనంతో మహబూబాబాద్ బయలుదేరారు. బండి గుణం చూడ్డానికి చాచా ముందు సీట్లో కూర్చున్నాడు. అక్కడి మేనత్తకు మామిడికాయ తొక్కు సీసా ఇవ్వాలన్న వంకతో నేను వెనక ఇరుక్కున్నాను. దారి పొడుగునా బండి మూలుగుతూనే ఉంది. మహబూబాబాద్ పొలిమేరలో ఆగగానే బాపు విసుగ్గా, "ర్యాలీల గులాల్ ఎట్ల వడ్డదో సూడు, ఎగిరొచ్చి కండ్లు మండుతున్నయి" అంటూ గుడ్డ తీశాడు. చాచా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"ఠైరో! తుడవకు!"

ఆయన వంగి, బానెట్ అంచుకు కళ్ళు ఆనించి చూశాడు. చుట్టూ తిరిగాడు. మళ్ళీ వంగాడు. నేను సీటులోంచి కదలలేదు.

"తమ్మీ, గిటు సూడు. ముక్కు ముంగట గులాల్ వేసింది వేసినట్టే ఉన్నది. హవా అక్కడికి వస్తనే లేదు. బండి ముంగటి జాలీ కాడికెళ్ళి పైకి లేచి, ముక్కు మీదికెళ్ళి దుంకి పోతున్నది. గీడ సూడు, అద్దం మొదట్ల. కుప్ప వడ్డది. హవా అద్దానికి గుద్దుకొని గీడ నిలవడుతున్నది." ఆయన నవ్వాడు. "మన ముక్కు ఎదురు సూసుడే తప్పు. ఎన్కకు సూడాలె."

పుస్తకంలో పొడి చల్లడం వరకే ఉంది. ముక్కును తిప్పమని ఏ పుస్తకమూ చెప్పలేదు. అది ఆయన చూశాడు.

గురువారం పొద్దంతా పని నడిచింది. ముక్కు ఊడదీసి, నోరు అద్దం వైపు తిప్పి, రేకు అతికి అద్దం మొదలు దాకా సాగదీశాడు. చాయ్ బండి ఆయనకు పండగైంది.

"గిదేంది ఉస్తాద్, బండి డ్రైవర్ దిక్కు సూస్తున్నది!"

"నిద్రవోతడేమోనని కాపలా."

శుక్రవారం ఎండెక్కాక బాపు పద్నాలుగు మందిని ఎక్కించుకుని భూపాలపల్లి పోయాడు. నేను, అమ్మ ఫోను పక్కనే కూర్చున్నాం. అమ్మ ఒకే చాటెడు బియ్యం మూడుసార్లు ఏరింది. ఫోను మోగగానే నా చేతికిచ్చింది.

"భూపాలపల్లి కాడ ఉన్న బిడ్డా" అన్నాడు బాపు. "ఎవ్వలు దిగలే అని మీ అమ్మకు చెప్పు."

నర్మెట్ట ఆయన బండి కోసం మళ్ళీ రాలేదు. చాయ్ బండి దగ్గర అందరూ చాచాను పొగిడారు. ఆయన మాత్రం, "నాదేముంది, గులాల్ చెప్పింది" అనేవాడు.

ఈలోపు మా ఇంట్లో జొన్నరొట్టెలు లేత గులాబీ రంగులో వస్తున్నాయి. జల్లెడ ఎంత కడిగినా తీగల సందుల్లోంచి రంగు పోలేదు. అమ్మ మాత్రం పిండి గిర్నీ వాళ్ళు మిరపకాయలు పట్టి, కడగకుండానే మా జొన్నలు పోశారనుకుంది. పోయి కొట్లాడి కూడా వచ్చింది. నేను అప్పుడూ నోరు విప్పలేదు.

తర్వాతి ఆదివారం అమ్మ నాలుగు రొట్టెలు, పచ్చడి కట్టి చాచాకు ఇచ్చి రమ్మంది. ఆ తర్వాత వచ్చిన చలికాలంలోనే ఆయన షెడ్డు మూసి దూరాన ఉన్న కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయనను నేను మళ్ళీ చూడలేదు. ఆ ఆదివారం మాత్రం నేనిచ్చిన మూట విప్పి, రొట్టె తినబోయి ఆగి, వెలుతురుకు పట్టి చూశాడు. ఒకసారి రొట్టె వైపు, ఒకసారి నా వైపు. చాయ్ బండి ఆయనకు వినబడకుండా గొంతు తగ్గించాడు.

"ర్యాలీల గులాల్ అంత సాపుగ పడదు బేటీ. అమ్మకు కొత్త జల్లెడ కొనియ్యి."