వెల కట్టని ఐసు దిమ్మ

నా చిన్నప్పుడు ఒక మిట్టమధ్యాహ్నం, ఐసు దిమ్మ కళ్లెదురుగానే ఉండగా, చావింటి నుంచి వచ్చిన మనిషితో ‘ఐసు లేదు’ అని అబద్ధమాడాను. యాభై ఏళ్లు దాటినా ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తల దించుకుంటాను. అదే రోజు మా తాతయ్య చేసిన పని గుర్తొస్తే మాత్రం, ఆయన మనవణ్ణని నలుగురికీ చెప్పుకోవాలనిపిస్తుంది.

భీమవరం దగ్గర మాకు చిన్న ఐసు ఫ్యాక్టరీ ఉండేది. చుట్టుపక్కల చేపల వ్యాపారమంతా దాని మీదే నడిచేది. తెల్లవారేసరికి దిమ్మలన్నీ చేపల బుట్టలతో పాటు రైలెక్కేవి. ఒక్క దిమ్మను మాత్రం తాతయ్య ఊకలో కప్పెట్టి, పైన తడి గోనె సంచులు పరిచి ఉంచేవారు. అది అమ్మకానికి కాదు. శవాన్ని ఉంచే కరెంటు పెట్టెలు లేని రోజులవి. దూరాన ఉన్న బిడ్డలు వచ్చేదాకా ఆపాలంటే ఐసే దిక్కు. చావింటి నుంచి ఎవరొచ్చినా ఆ దిమ్మను ఊరికే ఇచ్చి పంపాలి. ఫ్యాక్టరీ పెట్టిన నాటి నుంచీ అది మా ఇంటి కట్టుబాటు.

వేసవి సెలవుల్లో తాతయ్య భోజనానికి వెళ్లినప్పుడు ఆయన కుర్చీలో నేను కూర్చునేవాణ్ణి. ఆ రోజు ఒక చేపల వ్యాపారి పరుగున వచ్చాడు. సాయంత్రం రైలుకు పంపాల్సిన బుట్టలు ఎండలో ఉన్నాయట. ఐసు అయిపోయిందన్నాను. ఆయన గోనె సంచుల వైపు చూసి నవ్వాడు.

“మరి ఆ ఊక కింద ఏంటి అబ్బాయ్, కోడిపెట్టను పొదగేశారా?”

“అది అమ్మేది కాదండి.”

“దీనికి మూడు దిమ్మల డబ్బు ఇస్తాను. ఇంత మంచి బేరం మీ తాతయ్య గారు కూడా ఏనాడూ చేసుండరు.”

ఆ చివరి మాట నా తలకెక్కింది. ఇచ్చేశాను.

దిమ్మను ఆయన రిక్షాలోకి ఎక్కిస్తుండగా, చర్చి వెనక వీధిలో ఉండే ఒకావిడ ఎండలో నడిచి వచ్చింది. మా పొలాల్లో నాట్లు వేసే మనిషే. గేటు బయటే నిలబడింది.

“మా ఆయన పోయాడండి బాబూ. అమ్మాయి విశాఖపట్నంలో నర్సు. రేపు పొద్దున్నకి గానీ రాలేదంటండి. తండ్రి మొహం చూసుకోవాలి కదండీ. కాస్త ఐసు ఇప్పించండి.”

లేదన్నాను. ఆమె వచ్చిన దారినే వెళ్లిపోయింది. లోపల రిక్షా దగ్గరున్న వ్యాపారి “ఎవర్రా ఆవిడ, ఏంటంట?” అని అడిగితే “ఏం లేదండి” అన్నాను. అదే మా వీధి వాళ్లెవరైనా వచ్చి ఉంటే, రిక్షాను ఆపించి దిమ్మను దింపించేవాణ్ణేమో. ఈ సంగతి ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

తిరిగి వెళ్తున్న ఆమె దారిలో తాతయ్యకు ఎదురై సంగతి చెప్పింది. ఆయన రాగానే నేను గర్వంగా డబ్బు చూపించాను. ఆయన దాన్ని తాకలేదు. కొట్టలేదు, తిట్టలేదు కూడా.

“లాభం చూసుకోవద్దని నేనెప్పుడూ అనను. మనం ఐసు అమ్ముకునే బతుకుతున్నాం. కానీ ఈ చుట్టుపక్కల ఐసున్నది మన దగ్గరేరా. మనం లేదంటే ఆవిడ ఎక్కడికెళ్తుంది?”

ఆ తర్వాత మర్నాటికి గడ్డ కట్టాల్సిన దిమ్మల్ని అప్పుడే తొట్టిలోంచి పైకి తీయమన్నారు. పనివాళ్లు కంగారు పడ్డారు. “ఇంకా గట్టిపడలేదండి. లోపలంతా నీళ్లే. ఇప్పుడు తీస్తే రేపటి సరుకు సగం పోద్దండి.”

“తెలుసు. తీయండి.”

డొల్ల దిమ్మలు కాబట్టి చాలా కావాల్సి వచ్చాయి. బండిలో వేసుకుని ఆ ఇంటికి వెళ్లాం. తాతయ్య చెప్పులు విడిచి, పంచె ఎగ్గట్టి, తన చేత్తోనే ముక్కలు అమర్చారు. మా తాతయ్య ఆ వీధిలో ఒక ఇంటి లోపలికి వెళ్లడం నేను చూడటం అదే మొదలు. కరిగిన నీళ్లు ఎత్తిపోయడం నా పని. మర్నాడు పొద్దున్న అమ్మాయి వచ్చింది. తండ్రి చెంపకు చెంప ఆనించి ఏడ్చింది. ఆమెకు ఆ మొహం దక్కింది.

ఫ్యాక్టరీ దగ్గర మాత్రం ఐసు చాలక గొడవైంది. “తప్పు మాదేనండి” అని తాతయ్య అందరి ముందూ నిలబడి మాటలు పడ్డారు. సంగతి తెలిసి, ముందు రోజు వచ్చిన వ్యాపారి నన్ను పక్కకు పిలిచాడు. “ఆ ముక్క నాతో అంటే అక్కడే దింపేసి పోయేవాణ్ణి కదరా! నేనేమన్నా రాక్షసుణ్ణా?” అన్నాడు. ఆయన బుట్టల కన్నా, ఆయన డబ్బు కన్నా, నేను నోరు మూసుకోవడమే ఆమెకు ఎక్కువ అన్యాయం చేసింది.

ఆదివారం ఒక్కణ్ణే ఆమె ఇంటికి వెళ్లాను. అంతకు ముందు ఆమెను ‘మీరు’ అన్నవాణ్ణి కాదు. “ఆ రోజు మీతో అబద్ధం చెప్పానండి. ఐసు ఉంది” అన్నాను.

“చూశానండి బాబూ. రిక్షాలో కనపడతానే ఉంది కదండీ.”

“మరి అడగలేదేం?”

“మీరు లేదన్నాక ఇంకేం అడుగుతామండి?”

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది.

తర్వాత ఫ్యాక్టరీ నా చేతికొచ్చింది. రొయ్యల సీజన్లో లారీలు బారులు తీరి ఉన్నా సరే, ‘లేదు’ అనే మాటను పనివాళ్ల చేత చెప్పించను. చెప్పాల్సి వస్తే నేనే లేచి వెళ్తాను. ఎదుటివారు ఎందుకొచ్చారో చివరిదాకా వింటాను. విన్నాక ఆ మాట చెప్పడం చాలాసార్లు నా వల్ల కాలేదు.