గుర్రాల సినిమాలో అన్న 'ఆయ్'

మా ముత్తాతగారు కొత్తపేట తాలూకాలో మూడు ఊళ్ళకు మొఖాసాదారు. కలెక్టరు క్యాంపు వస్తే బస మా మేడలోనే. వారి కుమారులు, అంటే మా తాతగారు, తాలూకా బోర్డు ప్రెసిడెంటుగా చేశారు. శివాలయంలో కల్యాణం జరిగితే తొలి తాంబూలం మా ఇంటికే వచ్చేది. తాతగారికి గుర్రాలంటే ప్రాణం. అవి మా సాలలో ఉన్నంతకాలం బాగానే ఉంది. చెన్నపట్నంలో పందెపు గుర్రాలను చూసి వచ్చాక పొలాలు ఒక్కొక్కటే చేయి జారాయి. జనం ఆయన్ని గుర్రాల దొరగారన్నారు, మొదట గౌరవంగా, తర్వాత మరోలా.

మా నాన్నగారి హయాం వచ్చేసరికి మిగిలింది ఆ మేడ, ముక్తేశ్వరం దగ్గర కాలవగట్టున ఒక కొబ్బరితోట. తోట నిజానికి అమ్మది. పసుపుకుంకుమల కింద పుట్టింటివారు రాసిచ్చారు. డెబ్బయిల చివర్లో మేం తింటున్నది ఆ తోట మీద వచ్చినదే.

అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఒకాయన ఆ తోట కోసం మా గడప ఎక్కుతూనే ఉండేవాడు. అమ్మ ఇవ్వనంది. నాన్నగారు ఆవిడ మాట కాదనలేదు. "చూద్దాం లెండి" అని పంపేసేవారు.

అంబాజీపేటలో ఆ వ్యాపారికి సినిమా హాలు కూడా ఉండేది. ఒక వేసవిలో పాత నలుపు తెలుపు హాస్యచిత్రం తెప్పించి, పిలవడానికి తనే వచ్చాడు.

"గుర్రప్పందేల కథండీ. కడుపు చెక్కలైపోద్దండీ. అమ్మగారిని కూడా తీసుకురండి. మంచి కుర్చీలు వేయించి ఉంచుతాను."

అతను వెళ్ళాక అమ్మ, "మనకెందుకండీ ఆ సినిమా?" అంది.

"వెళ్ళకపోతే, గుర్రం పేరెత్తితే వీళ్ళకి గుచ్చుకుంటోందంటారు. వెళ్దాం" అన్నారు నాన్నగారు. టిక్కెట్లు మాత్రం నాచేత డబ్బిచ్చి కొనిపించారు. అప్పటికి నేను బి.ఏ. పూర్తిచేసి ఇంట్లోనే ఉన్నాను.

మాటినీకి వెళ్ళాం. అమ్మ ఆడవాళ్ళ వైపు కూర్చుంది. నాన్నగారికి ఒక పక్క నేను, మరో పక్క వ్యాపారి. కథ తేలిగ్గానే ఉంది. మద్రాసులో జట్కా తోలే ఒక అమాయకుడు, పొరపాటున పందెంలో దిగిన వాడి బక్క గుర్రం. ఆ గుర్రం మీద మేడను ఒడ్డే జమీందారు ఒకడు, తలపాగాతో, మెడలో దుర్భిణితో తెరమీదికి వచ్చాడు.

"ఒరేయ్, ఈయన్ని మన వైపు ఎక్కడో చూసినట్టుందిరా" అన్నాడు నేలటిక్కెట్టువాడొకడు.

"నోరు ముయ్యరా, వెనకాల కుర్చీల్లోనే ఉన్నారు."

నేలంతా నవ్వింది. కొన్ని తలలు మా వైపు తిరిగాయి. నాన్నగారు కదల్లేదు. ఆయన కూర్చుంటే వీపు కుర్చీకి ఆనదు, ఎక్కడైనా అంతే. ఆ నవ్వు ఆయన మీద నుంచి అలాగే వెళ్ళిపోయింది. నాకు మాత్రం చెవులు కాలిపోయాయి.

పందెం మొదలైంది. జట్కా గుర్రం వెనక నుంచి ఒక్కొక్కదాన్నీ దాటుకుంటూ వస్తోంది. పక్కకు చూశాను. నాన్నగారు ముందుకు వంగి ఉన్నారు. పిడికిలి బిగిసింది, పెదవులు కదులుతున్నాయి. ఆయన్ని నేనెప్పుడూ అలా చూడలేదు. నాకు భయం వేసింది.

సరిగ్గా అప్పుడే వ్యాపారి ఆయన వైపు ఒరిగాడు.

"తోట సంగతి ఖాయం చేసేసుకుందామాండీ?"

"ఆయ్" అన్నారు నాన్నగారు, తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

"అయితే రేపు మంచిరోజండీ. తాంబూలం పట్టుకొచ్చేస్తాను."

"ఆయ్, ఆయ్."

మా వైపు ఆ మాటకు రెండు అర్థాలున్నాయి. ఔనని ఒకటి, వింటున్నాను చెప్పండి అని ఒకటి. ఆ రెండో ఆయ్‌ను రోజంతా అంటూనే ఉంటాం, ఎదుటివాడి మాట చెవిన పడకపోయినా అంటాం. నాన్నగారన్నది ఏదో నాకు తెలుసు. వెనక వరసలో కూర్చున్నవాళ్ళకు తెలియదు.

తెరమీద కటకటాల అవతల ఎవడో చెయ్యెత్తాడు. జట్కాకి బేరం వచ్చిందనుకుని గుర్రం గీతకు ముందే ఆగిపోయింది. "అమలాపురం ఎంతకొస్తావురా?" అని నేల మీద నుంచి ఎవడో దాన్ని అడిగాడు. హాలు పగలబడి నవ్వింది. నాన్నగారు వెనక్కి జరిగి, కండువా సర్దుకున్నారు.

మర్నాడు పొద్దున్నే వ్యాపారి తాంబూలం పళ్ళెంతో వచ్చాడు. తోడు ఇద్దరు పెద్దమనుషులు.

"తోట ఇస్తామని ఎవరన్నారండీ?" అని గుమ్మంలోంచి అమ్మ అడిగింది.

"నిన్న హాల్లో బాబుగారు ఆయ్ అన్నారండి. వీళ్ళూ విన్నారు."

"అదికాదండీ, నాన్నగారు అప్పుడు..." అని నేను మొదలుపెట్టాను. నాన్నగారు చెయ్యెత్తారు. ఆగిపోయాను.

వ్యాపారి చెడ్డవాడు కాదు. పళ్ళెం అరుగు మీద పెట్టి మెల్లగా అన్నాడు. "బాబుగారూ, మీరు వినకుండా అన్నారనుకోండి, చెప్పేయండి. గుర్రాల్లో పడిపోయి ఏదో అనేశానని ఒక్క మాట చాలండి. నేనేమీ అనుకోను. ఇలాగే వెళ్ళిపోతాను."

వీధిలో మనుషులు నిలబడిపోయారు. ఆ ఒక్క మాట అంటే తోట దక్కుతుంది. అంటే మాత్రం, తండ్రిలాగే కొడుకు కూడా గుర్రాల్లో పడ్డాడని సాయంత్రానికి అంబాజీపేట సంతలో చెప్పుకుంటారు. అమ్మ నాన్నగారి ముఖంలోకే చూస్తోంది. నేనూ చూస్తున్నాను.

"మేం వినే అన్నాం" అన్నారు నాన్నగారు.

"ఏం అడిగేరో కూడా విన్నారా?" అంది అమ్మ.

"విన్నాను."

అమ్మ పైట భుజం మీదికి లాక్కుని, గుమ్మం దిగి వచ్చింది.

"పళ్ళెం ఇలా ఇవ్వండి" అంది వ్యాపారితో.

నాన్నగారు తప్పు చేశారని నేను అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనను. ఆ నెలలోనే రిజిస్ట్రారు ఆఫీసులో అమ్మ సంతకం పెట్టింది. ముక్తేశ్వరం కాలవగట్టు తోట, చెట్లూ బావీ పాకతో సహా, అంబాజీపేట వ్యాపారికి అమ్మేశాం.